దుబాయి పిన్ను

మొన్న కొత్త లాప్‌టాప్ కొని ఇంటికి తెచ్చి అట్టపెట్టె మూత విప్పగానే థర్మాకోల్ వాసన, దాని వెనకే చేయి తగలని కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమని కొట్టింది. ఇంట్లో వాళ్లంతా సంబరంగా చుట్టూ మూగారు. నాకు మాత్రం అరచేతులు చెమర్చాయి. పొద్దస్తమానం ఇలాంటి పెట్టె ముందు కూర్చుని బతుకు వెళ్లదీస్తున్నవాణ్ని. అయినా కొత్తదాని వాసన తగిలితే ముట్టడానికి వెనకాడతాను. బాపు, మా నాన్న, ఎప్పటిలాగే దూరంగా, తలుపు దగ్గర, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆ చేతులు అలా వెనక్కి పోవడానికి కారణం నేనే.

మాది హుజూరాబాద్ పక్కన పల్లె. సగం ఇళ్లలో మగవాళ్లు మస్కట్‌లోనో, కువైట్‌లోనో, సౌదీలోనో ఉండేవారు. ఎక్కడ ఉన్నా మా ఊరికి అది దుబాయే. తొంభైల చివరి సంగతి ఇది. బతుకమ్మ దగ్గర పడిందంటే, ఆడవాళ్లు అరుగుల మీద తంగేడు పూలు కుప్పపోసి, గునుగుపూల కొసలకు రంగులద్దుతుంటే, సత్తుపిండికి మక్కజొన్నలు వేయించిన కమ్మటి వాసన వాడంతా తేలుతుంటే, ఎవరింటి ముందో జీపు వచ్చి ఆగేది. దాని నెత్తిన తాళ్లతో బిగించిన పెట్టెలు ఉండేవి. ఆ పెట్టెలు విప్పినప్పుడు వచ్చే వాసన, అంటే సబ్బులు, సెంటు, ఖర్జూరాలు, పాలపొడి, మందపాటి రగ్గులు అన్నీ కలిసి మగ్గిన ఆ వాసన, పిల్లలందరికీ పండుగకంటే ఎక్కువ.

మా బాపు అక్కడ సెంట్రింగు పని చేసేవాడు. బాపుకు రాయడం రాదు, అవ్వకు, అంటే మా అమ్మకు, చదవడం రాదు కనుక మా ఇంట్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నడిచేవి. ఎవరైనా అటు పోతున్నారంటే టేప్‌రికార్డరు నడింట్లో పెట్టుకుని అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, దానికి మూతి ఆనించి ముందు ఏడ్చి తర్వాత మాట్లాడేది. అవ్వ సిగ్గుపడి తలుపు చెక్కకు చెబుతున్నట్టు పక్కకు తిరిగి చెప్పేది. చివర నా వంతు. ఒకసారి చెప్పడానికి ఏమీ తోచక, గొప్ప కోసం, "బాపూ, మా బళ్లెకు కంప్యూటర్ వచ్చింది. సారు దాన్ని నన్నే నడుపుమంటుండు" అనేశాను.

కంప్యూటరు వచ్చిన మాట నిజమే. హుజూరాబాద్‌లో నేను చదివే ఇంగ్లీషు మీడియం బడిలో దానికొక గది, గదికి అద్దాల తలుపు, కిటికీలకు నల్ల పరదాలు ఉండేవి. చెప్పులు బయట విడిపించి, వరుసగా లోపలికి తీసుకుపోయి, చేతులు కట్టుకుని చూడమనేవారు. దానికి వైరస్ సోకుతుందని సారు చెప్పినప్పటి నుంచి మేం ఆ గదిలో తుమ్ము వస్తే ముక్కు నులుముకునేవాళ్లం. తప్పు మీట నొక్కితే పేలుతుందని పై తరగతి వాళ్లు చెబితే నమ్మాం. నడపడం మాట అలా ఉంచండి, నేను దాన్ని వేలితో తాకను కూడా తాకలేదు.

ఆ ఏడు బతుకమ్మకు బాపు వచ్చాడు. రగ్గుల మధ్య నుంచి ఒక అట్టపెట్టె తీసి, థర్మాకోల్ చీల్చి, నల్లటి పలకలాంటి లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. తమ కంపెనీ ఇంజనీరు ఒకడు తన దేశం తిరిగి పోతూ తక్కువకు ఇచ్చాడట. దానికోసం బాపు ఆ ఏడాదంతా ఒంటిమీద కొత్త బట్ట వేసుకోలేదని తర్వాత తెలిసింది.

"గిది నీదే బిడ్డా. మీ సారు కంటె మంచిగ నడుపాలె. ఏదీ, జర నడుపు, సూస్త."

నా ఒళ్లో బరువు పెట్టినట్టు కాదు, నిప్పు పెట్టినట్టయింది. "గిప్పుడు కాదు బాపూ, విమానంల వచ్చింది గద, ముందుగాల సల్లవడాలె" అన్నాను. బాపు నమ్మాడు. నమ్మి, వచ్చిపోయేవాళ్లకు కూడా అదే చెప్పాడు.

ఆ పొద్దు నుంచి ఇంట్లో నా రాజ్యం, ఆ రాజ్యమంతా భయమే. అది ఉన్న అర్రలోకి చెప్పులతో రావద్దన్నాను. పొయ్యి పొగ తగలకుండా అవ్వను వంట వెనక వాకిట్లోకి మార్చుకోమన్నాను. బాపమ్మకు జలుబు చేస్తే గడప దాటనివ్వలేదు. "గా డబ్బల ఎవడన్న పసిపిల్లగాడు పండుకున్నడారా, తుమ్మితె లేస్తడా?" అని ఆమె తమాకు నములుతూ ఎకసెక్కం చేసేది. అవ్వ భయం వేరు. ఆ కాలంలో మా పల్లెల్లో వైర్లున్న వస్తువేదైనా కొత్తగా కనిపిస్తే అటు నక్సలైట్ల నుంచీ ఇటు పోలీసుల నుంచీ ప్రశ్నలు వచ్చేవి. "అన్నలు అడిగితె ఏం చెప్పాలె, పోలీసులు అడిగితె ఏం చెప్పాలె" అని గొణుక్కుంటూ, ఎవరైనా కొత్తవాళ్లు వాకిట్లోకి వస్తే దాన్ని తీసి వడ్లగుమ్మిలో దాచేది. వడ్ల దుమ్ము పడుతుందని నేను ఏడ్చేవాణ్ని. చిర్రగోనె ఆటకు పిలవడానికి వచ్చిన దోస్తులను పంపేసి, పాత ధోవతిలో చుట్టిన దాని పక్కన కాపలా కుక్కలా కూర్చునేవాణ్ని.

దాని వైరుకు మూడు చదరపు కాళ్లున్న పిన్ను ఉండేది. మా గోడల్లోని గుండ్రటి రంధ్రాల్లో అది దూరదు. అది పెద్ద చిక్కేం కాదు. దుబాయి నుంచి వచ్చే సామాన్లన్నింటికీ అవే కాళ్లు కనుక, హుజూరాబాద్‌లో ఏ కరెంటు దుకాణంలో అడిగినా 'దుబాయి పిన్ను' అని ఒక మధ్యపిన్ను ఇచ్చేవాడు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది, ఇస్త్రీ పెట్టెకు తగిలించి. నేను దాన్ని రోజూ చూసేవాణ్ని. చూసి తల తిప్పుకునేవాణ్ని. కరెంటు పెడితే నడపమంటారు, నడపబోయి పేలితే? అందుకని, "దీనికి వేరే పిన్ను కావాలె, బజార్ల దొరుకది" అని ఇంట్లో చెప్పాను.

ఒకరోజు నేను లేననుకుని బాపు దాని మూత మీద ఒక్క వేలు పెట్టి, గొడ్డు నుదురు నిమిరినట్టు మెల్లగా నిమరడం చూశాను. సిమెంటుకు పగిలిన వేలు. "ముట్టకు బాపూ, ఖరాబైతది!" అని అరిచాను. బాపు తప్పు చేసిన పిల్లవాడిలా నవ్వి లేచిపోయాడు.

అదే వారంలో, పెరట్లో మక్కకంకులు వలుస్తూ బాపు అవ్వతో అన్న మాట నా చెవినపడింది. "ఇగ పోను. వీసా ఉన్నా పోను. సెంట్రింగు సామాను కొని ఈడనే చేసుకుంట. పోరని మొకం సూడక ఎన్ని దసరాలాయె." అవ్వ చేటలో గింజలు కాసేపు ఊరికే చెరిగింది. నేను గోడ వెనక నిలబడి, అప్పటిదాకా ఉన్న భయమంతా మరిచిపోయాను. బాపు ఉంటాడు. రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు. నా బాల్యంలో అంత తీపి మాట ఇంకొకటి వినలేదు.

మా దిక్కు కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయి పూజ చేయిస్తారు. దసరా పోయాక వచ్చిన మంగళవారం బాపు ఇంటిల్లిపాదికీ జీపు మాట్లాడాడు. "బండి కంటె ఎక్కువ గిది. అంజన్నకు సూపియ్యకుండ నడుపుతరా?" అన్నాడు. అందుకే ఇన్నాళ్లూ నేను నడపలేదని ఆయన తనకు తాను సర్ది చెప్పుకున్నాడు కాబోలు. లోపల బ్యాటరీ ఉంటుంది కనుక వైరు లేకున్నా నడుస్తుందని ఇంజనీరు ఆయనకు చెప్పాడట. గుట్ట మీద కోతులు. ఏ కోతి ఎటు నుంచి లాక్కుపోతుందోనని దాన్ని కడుపుకు అదుముకుని నడిచాను. పూజకు తెచ్చిన బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి: ఒక ట్రాక్టరు, రెండు ఆటోలు, ఒక మోటారుసైకిలు, వాటి చివర పీట మీద మా నల్ల పలక.

బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ పంతులు సిందూరం గిన్నెతో వచ్చి దాన్ని అటూ ఇటూ చూశాడు. "గీరలు ఏడున్నయయ్యా దీనికి? నిమ్మకాయలు ఏడ పెట్టాలె?"

"నాలుగు మూలలకు పెట్టుండ్రి పంతులూ" అన్నాడు బాపు గంభీరంగా. చుట్టూ నవ్వులు.

పంతులు మూత మీద సిందూరం బొట్టు పెట్టాడు. బాపు కొబ్బరికాయ కొట్టి, కొబ్బరిచెక్కలు ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో మూత తెరవడానికి నాకు సాయం పట్టాడు. అప్పుడు పంతులు అలవాటుగా, ప్రతి బండికీ చెప్పే మాటే చెప్పాడు: "ఊఁ, ఇగ ఇష్టార్టు చేయుండ్రి."

దేవుడి ముందు మొదటిసారి నడపవలసింది సొంతదారు. అందరూ నా వైపు తిరిగారు. ఒక బొత్తాం నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఎన్నో నెలల కిందే ఛార్జి అయిపోయిన బ్యాటరీ, అందులో ప్రాణం ఎక్కడిది? ట్రాక్టరు ఆసామి, "తమ్మీ, కిక్కు కొట్టరాదు!" అన్నాడు. ఆటోవాడు, "నూకమంటవా?" అన్నాడు. బాపు కూడా వాళ్లతోపాటు నవ్వి, తర్వాత నవ్వు ఆపి నన్నే చూశాడు. ఆ చూపులో అనుమానం మొదలవబోతున్నట్టు తోచింది.  నాకు రాదన్న సంగతి, క్యాసెట్‌లో చెప్పింది అబద్ధమన్న సంగతి ఇంకో నిమిషంలో అంజన్న ముందు బయటపడుతుంది.

"బాపు తడిచేయితోని ముట్టిండు. అందుకే ఖరాబైంది" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. బాపు చేతుల్లోకి చూసుకున్నాడు. కొబ్బరినీళ్లు కారుతున్నాయి. చెక్కలు గట్టు మీద పెట్టి, చేతులను కండువాకు అటూ ఇటూ తుడుచుకుని, వెనక్కి కట్టుకున్నాడు.  తిరుగుదారిలో జీపులో అవ్వ నా చెవి దగ్గర, "నిజమేనారా?" అని అడిగింది. నేను బయటి చెట్ల వైపు తిరిగాను.

కొద్దిరోజులకు బాపు అన్నం ముందు కూర్చుని అన్నాడు: "ఒక్కసారి పోయొస్త. నా చేతుల పోయింది, నా చేతులతోనే తేవాలె."

"గా డబ్బ కోసం పోతవారా? అండ్ల ఏమున్నది? దాన్ని బాయిల పడేసి నువ్వుండు కొడుకా" అంది బాపమ్మ. నా నోట్లో ముద్ద అలాగే ఉంది. మింగితే మాట వచ్చేదేమో. నేను ముద్దతో సహా లేచి బయటికి పోయాను. మళ్లీ దుబాయి పోయేనాడు, జీపు కదిలేటప్పుడు బాపు అందరినీ దగ్గరికి తీసుకున్నాడు. నన్ను మాత్రం చేతులతో తాకకుండా, తల వంచి నుదురు నా నుదుటికి ఆనించాడు.

ఆయన పోయాక ఒక మధ్యాహ్నం అవ్వ నా బడిబట్టలు ఇస్త్రీ చేసి, వేడి పెట్టెను మూలకు పెట్టి బాయి దగ్గరికి పోయింది. దుబాయి పిన్ను ఊడదీశాను. అదింకా వెచ్చగా ఉంది. కళ్లు మూసుకుని గోడకు గుచ్చాను. పేలలేదు. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. బొత్తాం నొక్కితే గుర్రుమని లోపల ఏదో తిరిగి, నల్లటి అద్దం మీద తెల్లటి అక్షరాలు వరుసగా దిగాయి. దాన్ని చూసి పడ్డ భయం ముందెన్నడూ పడలేదు. అప్పటిదాకా అది చెడిపోతుందేమోనని భయం. ఇప్పుడది బాగానే ఉందన్నదే భయం.

తర్వాతి క్యాసెట్‌లో, "బాపూ, అది బాగైంది. దానంతట అదే బాగైంది" అన్నాను. అంత దూరం వచ్చిన మాట చివర్లో మళ్లీ వంకరపోయింది. బాపు జవాబు వచ్చింది: "అంజన్న దయ. మంచిగ నేర్సుకో బిడ్డా. ఇగ నేను వచ్చినా దాన్ని ముట్టనే ముట్ట."

ఒక్కసారి అని పోయినవాడు, ఇంకో ఏడు, ఇంకో ఏడు అంటూ, నా ఇంటర్ అయ్యాక గానీ పూర్తిగా రాలేదు. అప్పటికి బాపమ్మ లేదు. క్యాసెట్‌లో ఆమె ఏడుపు మాత్రం ఉండింది. నేను ఆ నల్ల పలక మీదే నేర్చుకుని, దాంతోనే పొట్ట పోసుకున్నాను. బాపు మాత్రం ఈనాటికీ టీవీ రిమోటు ముట్టడు, ఏటీఎంలో కార్డు ఎవరికో ఇచ్చి పక్కకు నిలబడతాడు. అడిగితే, "నా చేయి గిసొంటి వాటికి పడది" అంటాడు.

మొన్న ఇంట్లో వాళ్లు లోపలికి పోయాక, పెట్టె ముందు మేమిద్దరమే మిగిలాక, చెప్పాను. "బాపూ, కొండగట్టు కాడ నువ్వు ఖరాబు చేయలే. నేను కరెంటే పెట్టలే. దుబాయి పిన్ను ఇస్త్రీ పెట్టెకే ఉండె. నాకు నడుపరాకుండె."

బాపు నేల వైపు చూశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"గప్పుడే చెప్తె పోకపోతుంటి గద బిడ్డా" అన్నాడు.

 ఆ క్యాసెట్ల టేపు బూజు పట్టి తెగిపోయింది. బాపమ్మ గొంతు అందులోనే పోయింది. దుబాయి పిన్ను ఏ దుకాణంలోనూ ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. జీపులు ఆగిన వాకిట్లో సిమెంటు పోశారు. బాపు మా ఇంట్లో ఉండవలసిన ఆ ఏళ్లు మాత్రం ఎక్కడా, ఏ వస్తువుగానూ మిగల్లేదు.

వైరు గోడకు పెట్టి, మూత తెరిచి, లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పాను. "నువ్వే ఇష్టార్టు చెయ్యి బాపూ."

వెనక ఉన్న చేతులు నెమ్మదిగా ముందుకు వచ్చాయి. తడి ఏమీ లేదు. అయినా కండువాకు అటూ ఇటూ తుడుచుకుని, అప్పుడు వేలు చాపాడు.