బాపు గొంతు

సాంచాల మీద బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. పప్పులో ఉప్పు తక్కువైందని మా బాపు అంటే పక్క వాడకు వినిపించేది. సాంచాలంటే మరమగ్గాలు, వాటి మోతలో మాట చేరాలంటే ఎదుటివాడి భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. కార్ఖానాలో అందరూ అంతే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ మోతకు బాపు చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం మిగిలింది.

నూలు రాక కార్ఖానా మూతపడిన ఒక వానాకాలం, జలపాతం చూద్దామని అవ్వ పట్టుబట్టింది. బాపుతో పెళ్లయిన కాడి నుంచి ఆమె నోరు తెరిచి అడిగిన షికారు అదొక్కటే. ముగ్గురం కరీంనగర్‌లో బస్సెక్కి, ఇచ్చోడలో దిగి, ఆటో మాట్లాడుకున్నాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నీళ్లలో కాళ్లు తడుపుకోవాలని అవ్వ దారంతా చెబుతూనే ఉంది.

అంతకు కొన్నాళ్ల ముందు పట్నం కుర్రాళ్లెవరో తాగి నీళ్లలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారట. మెట్ల దగ్గర తాడు కట్టి పోలీసులను పెట్టారు. పెట్టడం తప్పని నేననను. కానీ కార్లలో వచ్చినవాళ్లు ఎవరికో ఫోన్ కలిపి ఇస్తే ఎస్సై తాడు ఎత్తుతున్నాడు, మిగిలినవాళ్లను లాఠీతో వెనక్కి నెట్టిస్తున్నాడు. నెట్టించుకోవడం కూడా షికారులో భాగమే అన్నట్టు జనం నవ్వుతూ జరుగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా నేనూ జరిగాను.

ఇంతలో ఒక కారాయన, తాడు ఎత్తడం ఆలస్యమైందని ఎస్సైని అందరి ముందూ దులిపేసి కిందికి పోయాడు. ఎస్సై ముఖం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే బాపు వెళ్లి, మా ఆడమనిషి కాళ్లు తడుపుకుంటది, జర పోనియ్యుమని అడిగాడు. అడగడమంటే, తన మామూలు గొంతుతో.

"ఎవని మీద లేపుతున్నవ్ గొంతు?" అన్నాడు ఎస్సై.

బాపుకు ఆ మాట వినిపించలేదు. తన మాటే ఆయనకు అందలేదనుకున్నాడు. నీళ్ల హోరు సాంచాల మోత లాగే ఉంది మరి. దగ్గరికి జరిగి, ఎస్సై భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ అడిగాడు.

చెంప మీద దెబ్బ పడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కారాయన మీది కోపమంతా మా బాపు మీద పడింది. కానిస్టేబుల్ కాలి పిక్కల మీద లాఠీతో కొట్టాడు. గుంజిళ్లు తియ్యమన్నారు. ఏం తియ్యమన్నారో బాపుకు అర్థం కాక నా ముఖం చూశాడు. నేను చేతులు జోడించి, సాంచాల మీద పనిచేస్తాడు సార్, చెవులు వినబడవు అని మొత్తుకున్నాను.

"చెవులు వినవడకుంటే పోలీసోని మీద చెయ్యేస్తడా?"

చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు. అవ్వ ఎస్సై కాళ్ల మీద పడింది. అవ్వను అలా చూసి బాపు చెవులు పట్టుకుని గుంజిళ్లు తీశాడు. చాలనేదాకా తీశాడు. వదిలేశాక కంకులమ్మే ఆమె మాకు నీళ్లిచ్చి, సారు మంచోడే, పొద్దటి సంది పరేషాన్ మీదున్నడు అంది. ఆమెను ఏమనాలి, రేపు మళ్లీ అక్కడే కంకులు కాల్చుకోవాలి.

అవ్వ కాళ్లు తడవలేదు. బస్సులో బాపు ఒక్కటే మాట అన్నాడు, నేను వంగితే గాని వినిపించనంత మెల్లగా.

"తప్పు నాదే బిడ్డా. చెయ్యి వెయ్యకుంట ఉండాల్సింది."

ఆ సారుకు ఈపాటికి మా ముఖాలు కూడా గుర్తుండవు.

తర్వాత నూలు వచ్చింది, సాంచాలు నడిచాయి. బాపు మాత్రం ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యడం లేదు. దారం తెగినా, పోగు తప్పినా సైగ చేస్తాడు. అది పక్కవాడు చూస్తే చూసినట్టు, లేకుంటే లేదు. ఇంట్లోనూ అంతే. అన్నం దగ్గర ఆయన పెదవులు కదిలితే, అవ్వ గిన్నె పక్కన పెట్టి, ఆయన భుజం మీద చెయ్యేసి, నోటి దగ్గర తన చెవి పెడుతుంది.