గిటార్ వయసు చెప్పే మావయ్య

మా సిగ్నల్ మావయ్య పోయారని కిరండోల్ నుంచి ఫోను వచ్చినప్పుడు అమ్మ బియ్యం ఏరుతోంది. సంగతి చెప్పగానే చేట కింద పెట్టి, "మరి ఆ విప్పీసిన గిటార్లన్నీ ఎవులు బిగిస్తారే?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆయన మాకు బంధువు కాదు. ఇనప ఖనిజం మోసే రైలు లైన్లో ఉద్యోగాలకని విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ రైల్వే క్వార్టర్లలో ఒకరికొకరు వదినలూ మావయ్యలూ అయిపోయేవి. మావయ్యది సిగ్నళ్ళు బాగుచేసే పని. సెలవు రోజున మాత్రం వసారాలో చాప పరుచుకుని పాత కరెంటు గిటార్లు విప్పేవారు, వాటి వయసు చెప్పేవారు. చర్చి పాటల పుణ్యమా అని ఆ లైను పొడుగునా ప్రతి కాలనీలోనూ ఒకటో రెండో గిటార్లుండేవి. ప్రతిదానికీ ఓ గొప్ప కథ కూడా ఉండేది.

ఒకసారి బచేలి నుంచి ఒకాయన, తాతగారు ఓడలో తెచ్చారంటూ ఒకటి మోసుకొచ్చాడు. మావయ్య వెనక రేకు విప్పి చూసి నవ్వారు. "అమెరికా పేరు, కలకత్తా పుట్టుక. పేరుదేటుంది బాబూ, ఎవులైనా అంటించీగలరు. బాగా మోగుతాది, వాయించుకో."

ముందు లోపలి వాసన చూసేవారు. తీసిన మరలను తీసిన వరసలోనే పళ్ళెంలో పేర్చేవారు. శబ్దం పెంచే గుండీల వెనక ఉన్న రేకు డబ్బాల మీద సన్నటి అంకెలుంటాయి. అవి ఏ ఏడు, ఏ వారం తయారయ్యాయో వాటిలో ఉంటుంది. భూతద్దంతో అవి చదివాక కూడా ఆయన నమ్మేవారు కాదు. గుండీలు మార్చి ఉండొచ్చు కదా. లోపలి వైర్లను అతికిన సీసం వంక, మళ్ళీ కరిగించిన ఆనవాలు ఉందేమోనని చాలాసేపు చూసేవారు. "నంబరు అబద్ధమాడగలదు. అతుకు ఆడలేదు" అనేవారు.

వానాకాలం కొండ మీది మబ్బు మా క్వార్టర్ల దాకా దిగేది. ఎర్ర రాయి నింపుకున్న గూడ్సు ఆ మబ్బులోంచి వచ్చి మళ్ళీ ఆ మబ్బులోకే పోయేది. అది దాటేవరకూ మావయ్య పని ఆపి కూర్చునేవారు. గోడకు తగిలించిన గిటార్లు ఎవరూ ముట్టకుండానే సన్నగా మూలిగేవి. నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని.

రైలు గార్డుగా పనిచేసే నాన్న నాకు ఏడాది నిండకముందే పోయారు. ఆయన ఉద్యోగం బదులు అమ్మకు స్టేషన్లో పనిచ్చారు. మా ఇంట్లో పెట్టె మీద ఉండే నల్ల గిటార్ నాన్నదని అమ్మ చెప్పేది. నాన్న ముఖం నాకు గుర్తులేదు. దాని మెడ పట్టుకుంటే మాత్రం నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. కాలేజీలో చేరిన ఏడు, అమ్మ డ్యూటీలో ఉండగా దాన్ని మావయ్య దగ్గరకు పట్టుకెళ్ళాను. అది ఏ ఏటిదో కాగితం మీద రాసిస్తే, కింద నాన్న పేరు రాసి లోపల అంటించుకుందామని నా ఆశ.

ఆయన విప్పారు, చూశారు. భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది మీ నాన్న పోయిన రెండో ఏట తయారైందమ్మా."

"గుండీలు మార్చుంటారు మావయ్యా."

"అతుకు ఎవులూ ముట్టలేదు. బిల్కుల్ అలాగే ఉంది."

"ఓ మూడేళ్ళు వెనక్కి రాసీ. నీకేటి పోతాది?"

"రాస్తే ఇయ్యాల నీకు బాగుంటాది. రేపట్నించి ఏ గిటార్ గురించి నిజం చెప్పగలనే నాను? మిగతాది మీ అమ్మనడుగు."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశారు. నాకసలే ముక్కు మీద కోపం. రేకు పూర్తిగా బిగించనివ్వకుండా గిటార్ లాక్కుని ఏడుస్తూ వచ్చేశాను. తర్వాత ఎన్నో వారాలు ఆయన వాకిలి ముందు ముఖం తిప్పుకునే నడిచాను. "ఏటే, కోపం తగ్గిందా?" అని కేకేసేవారు. నేను నడక జోరు పెంచేదాన్ని. అమ్మనూ అడగలేదు. అడిగితే ఉన్న కాస్త నాన్న కూడా ఉండడని భయం.

చివరికి రేకుకు ఒక మర లేదని అమ్మే కనిపెట్టింది. "ఎవులు విప్పినారు?" అంది. చెప్పాను. గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ నాన్నకి ఈలెయ్యడం కూడా రాదే. విశాఖపట్నంలో పాత సామాన్ల బజార్లో నానే కొనుక్కున్నాను. మొగుడు పోయిన ఆడది గిటార్ కొనిందంటే కాలనీ ఊరుకుంటాదా? అత్తోరింట్లో ఆయన సామాన్లలో దొరికిందని చెప్పీసినాను. కరెంటుదైతే, స్పీకరుకి వైరు పెట్టకపోతే గోడవతలకి వినపడదు. నువ్వు స్కూలుకెళ్ళినాక వాయించుకునీదాన్ని."

గిటార్ పట్టుకుని నేను మావయ్య ఇంటికి పరుగెత్తాను. "నీకు ముందే తెలుసా?"

ఆయన గిటార్‌ను వెలుతురుకు తిప్పి, తీగల కింద నల్ల రంగు మీద చంద్రవంకల్లా ఉన్న సన్నటి గీతలు చూపించారు. "ఇవి మీ అమ్మ గాజులు గీసినవి. ఆ రోజే తెలిసింది. ఏ ఏటిదో చెప్పడం నా పని. ఎవులదో చెప్పుకోడం మీ అమ్మ ఇష్టం." మా కాలనీలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆయన మాత్రం ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. అబద్ధం రాసివ్వనందుకు ఆయన్ని నేను ఎంత తిట్టుకున్నానో! రాసిచ్చి ఉంటే మా అమ్మ ఎవరో నాకు తెలిసేదే కాదు.

మొన్న మావయ్య జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు అమ్మ గిటార్ తీసుకుని బయల్దేరింది. చర్చి నిండా పాత కాలనీ వాళ్ళే. పాస్టరమ్మగారు ఎదురొచ్చి, "మీ ఆయన గిటార్ కదమ్మా, ఇన్నాళ్ళకి బయటికి తీసినావు" అన్నారు.

"మా ఆయనది కాదమ్మా" అంది అమ్మ. "నాదే."

ముందు బెంచీ మీద కూర్చుని వైరు తనే పెట్టుకుంది. మొదటిసారి తీగలు మీటగానే చర్చి అంతా మోగింది. అమ్మ ఉలిక్కిపడి అరచేత్తో తీగల్ని మూసేసింది. అందరూ చూస్తున్నారు. అమ్మ మెల్లగా తీగల మీంచి చెయ్యి ఎత్తి, మళ్ళీ మీటింది.