గ్రీన్ హౌస్ గొంతు

నాచారంలో నేను లెక్కలు చెప్పిన బడిలో ఏటా స్పిరిట్ డే అని ఒక పండగ జరిగేది. పిల్లల్ని ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు హౌసులుగా విడదీసేవాళ్ళు. ఏ హౌస్ ఒక్క గొంతుతో గట్టిగా అరిస్తే దానికి కప్పు. నాకు ఒళ్ళు మండిపోయేది. వారం రోజులు లెక్కలు మూలన పడేవి. పిల్లల గొంతులు బొంగురుపోయేవి. హౌసు రంగు రిబ్బను ఏ దుకాణంలోనూ దొరక్క తల్లులు నన్ను తిట్టుకునేవాళ్ళు. "చదువు చెప్పమంటే ఈ అరుపులు నేర్పడమేమిటండీ!" అని స్టాఫ్‌రూములో గొణిగేదాన్ని. తీరా ఆ రోజు వందమంది పిల్లలు నా వైపు తిరిగి ఒక్కసారిగా అరిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సిగ్గులేని కళ్ళు!

ఒక ఏడు గ్రీన్ హౌస్ నాకిచ్చారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఉప్పల్ చౌరస్తాలో ఊరేగింపు లేని వారం లేదు. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా బస్సులో నోరు తెరవాలంటే నాకెందుకో బెరుకు.

నా ఎనిమిదో తరగతిలో ముప్పై ఒకటో నంబరు ఒక ఆడపిల్లది. తండ్రికి మల్లాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీలో పని. తన ఇంగ్లిష్ విని తోటివాళ్ళు నవ్వుతారని ఆ పిల్ల నోరు మెదిపేది కాదు. హాజరు పిలిస్తే ఆ "ప్రెజెంట్" నా బల్ల దాకా వచ్చేది కాదు. తలెత్తి చూస్తే చెయ్యి ఎత్తి ఉండేది.

అలాంటి పిల్ల మా హౌస్ రిహార్సల్లో ఉన్నట్టుండి ముందుకొచ్చి, "గ్రీన్ హౌస్ ఎట్లుండాలె?" అని గొంతెత్తింది.

"గట్టిగుండాలె!" అని అందరూ అందుకున్నారు.

"ఎవ్వలొచ్చినా?"

"ఎదురు నిలవాలె!"

రెడ్ హౌస్ వాళ్ళు తమ రిహార్సల్ ఆపి మరీ చూశారు. "యాడ నేర్చినవే?" అని ఎవరో అడిగితే, "మా నాయిన ఎంబడి ఊరేగింపుకు పోయిన గదా!" అంది నవ్వుతూ. మర్నాడు హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్!" అని ఒక్క కేక పెట్టింది. క్లాసంతా ఘొల్లుమంది, ఆ పిల్లతో సహా.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ వరస అచ్చం చౌరస్తాలో వినబడేదే. కోస్తా టీచరు ఉద్యమాన్ని వెక్కిరిస్తోందని ఎవరైనా అంటే? ఎవరూ ఏమీ అనకముందే భయపడిపోయి ఆ పిల్లని పక్కకి పిలిచాను.

"ఇంగ్లిష్‌లో అయితే బాగుంటుందమ్మా. నినాదం వేరే అమ్మాయి చెబుతుంది. నువ్వు వెనక వరసలో నిలబడు."

"నేనేమన్న తప్పు జేసిన్నా టీచర్?"

"లేదమ్మా, తప్పేం లేదు."

మరెందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో. తల ఊపి వెళ్ళిపోయింది.

స్పిరిట్ డే నాడు మా ఇంగ్లిష్ నినాదం రెండో లైనుకే నీరుగారిపోయింది. సగం మందికి నోరు తిరగలేదు. నేను గబగబా వెనక వరసలోకి పరిగెత్తి, "నువ్వు చెప్పమ్మా, నీ నినాదమే చెప్పు" అని బతిమాలాను.

"వద్దు టీచర్, మంచిగుండదు" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

కప్పు బ్లూ హౌస్‌కి పోయింది. ప్రిన్సిపల్ సారు నా దగ్గరికొచ్చి, "ఏంది మేడమ్, రిహార్సల్లో తెలుగుది మస్తుండె గదా, ఎందుకు తీసేసిన్రు?" అన్నారు. ఆయనదీ ఈ ప్రాంతమే. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మర్నాడు మొదటి పీరియడు లెక్కలు. అరుపులు లేవు, రిబ్బన్లు లేవు. వారం నుంచి నేను కోరుకున్న నిశ్శబ్దమే. హాజరు పుస్తకం తెరిచి పిలుచుకుంటూ వచ్చాను.

"థర్టీ వన్."

జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాను. తలెత్తి చూస్తే చెయ్యి ఎత్తి ఉంది.