డెబ్బై కిలోమీటర్ల పైనున్న రూఫ్

మా సెంటినరీ కాలనీలో సదయ్య కాక అంత మొండిమనిషి ఇంకొకరు లేరు. ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో సర్దారు. షిఫ్టు వాళ్లు లోపలికి దిగేముందు గని రూఫును కర్రతో కొట్టి, చప్పుడు విని, మంచిదో కాదో చెప్పడం ఆయన డ్యూటీ. చెవితో వినకుండా ఏ రూఫునూ నమ్మలేదు, ఏ మేనేజరు మాటా వినలేదు.

రిటైరయ్యాక ఆ చెవి ఊరుకుంటుందా! కొడుకు సంపత్‌కు కంపెనీ ఇచ్చిన క్వార్టరు డాబా మీద కాక రాగితీగల చుట్టలు కట్టాడు. దక్షిణాన ఎక్కడో ఉన్న రేడియో స్టేషన్ సిగ్నల్‌ను రోజూ మధ్యాహ్నం కొలిచి నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆ సిగ్నల్ డెబ్బై కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుత్ పొరను తాకి కిందికి వస్తుందట. చలికాలంలో మాత్రం, ఎండ ఎప్పటిలాగే ఉన్నా, అది కొన్నాళ్లు పెరిగి కొన్నాళ్లు తగ్గుతుంది. కింది గాలిలో పుట్టిన పెద్ద పెద్ద అలలు పైకి పాకి ఆ పొరను కుదుపుతాయని కాక చెప్పేవాడు. కాకపోతే పొర అనడు. తలమీద ఉన్నదేదైనా ఆయనకు రూఫే.

మొన్న జనవరిలో, పొద్దున్నే చాయ్ హోటల్లో నోరు జారాడు.

"వారం సంది రూఫ్ ఊగుతాందిరా. గిట్ల ఎన్నడు సూడలే."

పక్క బల్ల మీద ఫస్ట్ షిఫ్టు వాళ్లున్నారు. సదయ్యే అలా అన్నాక ఎవడు దిగుతాడు? అరగంటలో షిఫ్టంతా గని ముందు బైఠాయించింది.

మేనేజరు కామేశ్వరరావు కాకను పిలిపించి, ఊగింది ఏ రూఫో తెలుసుకున్నాడు.

"ముందు మీ డాబా మీద ఆ తీగలు పీకించండి!"

కాక మొహం వాడిపోయింది. ఆ ఆఫీసులో గుమాస్తానైన నాకూ బాధేసింది. నవంబరు నుంచి ఒక్కరోజు తప్పకుండా రాసుకొచ్చిన చలికాలపు లెక్క సగంలో తెగిపోతుంది.

"ఏం జేస్తె ఉండనిస్తరు సారు?"

"వెళ్లి, రూఫ్ బాగుందని వాళ్లకు చెప్పండి."

"కొట్టి సూడకుండ ఎట్ల చెప్త?"

బతిమాలినా బెదిరించినా అదే మాట. చివరికి మేనేజరే పాసు రాయించి, హెల్మెట్ పెట్టించి, వెంటబెట్టుకుని దింపాడు. కాక తాపీగా రూఫంతా కొట్టి చూసి, పైకొచ్చి, "మంచిగనే ఉన్నది, పోండ్రి" అన్నాడు. షిఫ్టు గనిలోకి దిగింది.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు.

"తీగలు ఉంచుకోండి. కానీ దాన్ని రూఫ్ అనకండి, మీకు దణ్ణం పెడతాను."

"మరి ఏమనాలె?"

"ఆకాశం అనండి."

కాక హెల్మెట్ విప్పి మేనేజరు చేతిలో పెట్టాడు.

"ఆకాశం ఊగుతాందంటె ఊరే ఖాళీ అయితది సారు."