తవుడులో రెండు గోళీలు

నా చిన్నప్పుడు మా నాన్న నడిపే జీపుకు క్లచ్ ఉండేది కాదు. ఏలూరులో ఒక ఆసుపత్రికి ఎవరో విదేశీ డాక్టరుగారు వదిలి వెళ్లిన పాత బండి అది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది కాబట్టి, కొల్లేటి లంకల బురదలోకి అదొక్కటే వెళ్లగలిగేది. గేర్లు వాటంతటవే ఎలా పడతాయో నాన్నకే అంతుపట్టదు, ఇక నాకేం తెలుస్తుంది? "దానికి బుద్ధి పుట్టినప్పుడు పడతాయమ్మా" అనేవారు.

ఒక వానాకాలం దానికి బుద్ధి పుట్టడం మానేసింది. ఇంజను రంకెలు వేస్తుంది, బండి కదలదు. శనివారంలోగా బాగవకపోతే పాత ఇనుముకు అమ్మేస్తామన్నారు ఆసుపత్రివాళ్లు. బండి లేకపోతే డ్రైవరెందుకు?

గుండుగొలనులో మా పెదనాన్నగారికి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. బండిని అక్కడికే లాక్కెళ్లాం. అలాంటి గేరుబాక్సు ఆయనా ఎన్నడూ చూసి ఎరగరు. అయినా విప్పారు. విప్పిన ప్రతి వస్తువునూ, విప్పిన వరసలోనే, ఒక్కో విస్తరాకులో పెట్టుకుంటూ పోయారు. భోజనాలకు వేసినట్టు షెడ్డంతా విస్తళ్లే. గేరుబాక్సు లోపల అరిగిపోయిన ప్లేట్లకు బదులు మద్రాసు నుంచి కొత్తవి తెప్పించారు. నూనె దారులున్న ఇనుప పలకలోంచి శనగగింజంత స్టీలు గోళీలు రాలితే, వాటికీ తలో ఆకు వేశారు. కోళ్లు రాకుండా కాపలా నాది.

ఆ గోళీలు ఎంత మెరిశాయంటే, ఒకటి తీసి గుప్పెట్లో పెట్టుకున్నాను. దొంగతనమని తోచనే లేదు. బిగించే వేళకు ఒక ఆకు ఖాళీగా కనబడింది. నాన్న మొహం పాలిపోయింది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. గుప్పెట ఇంకా గట్టిగా బిగించాను.

పెదనాన్నగారు ఎవరినీ ఏమీ అడగలేదు. గేదె కోసం గూడెం రైసుమిల్లు నుంచి తెచ్చిన తవుడు బకెట్లో పోసి, "ఎవరి చేతికో అంటుకుపోయుంటుంది. అందరం గుప్పెట ముంచి తీద్దామండీ" అన్నారు. ముందు తనే ముంచారు. తర్వాత నాన్న, ఇద్దరు పనివాళ్లు, పెద్దమ్మ, ఆఖర్న నేను. తవుడు జల్లిస్తే ఒకటి కాదు, రెండు గోళీలు తేలాయి.

నా బుర్ర తిరిగిపోయింది. నేను వేసింది ఒక్కటే కదా. నాన్న పనివాళ్ల వంక చూశారు, వాళ్లు నాన్న వంక చూశారు, పెద్దమ్మ అందరి వంకా చూసింది. పెదనాన్నగారు రెంటినీ వేళ్ల మధ్య దొర్లించి చూసి, ఒకటి ఖాళీ ఆకులో పెట్టి, రెండోది జేబులో వేసుకున్నారు. "దొరికింది కదా, ఇక పని చూడండి" అన్నారు.

శనివారం పొద్దున్నే జీపు కదిలింది. స్టీరింగు పట్టుకుని నాన్న కళ్లు తుడుచుకోవడం చూసి, నేను వెనక సీట్లో వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రెండో గోళీ సంగతి ఏళ్ల తరబడి నన్ను తొలిచేసింది. పెళ్లయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగేశాను. పెదనాన్నగారు నవ్వారు. "ట్రాక్టరు బేరింగుదమ్మా, నేనే వేశాను. ఒక్కటే దొరికితే నీ మొహం చూసి అందరూ కనిపెట్టేద్దురు. రెండు దొరికితే ఎవరిని అనుమానిస్తారు?"

తర్వాత ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పెన్ను పోయిందని ఏ పిల్లాడైనా ఏడిస్తే, ముందు కొట్టుకు వెళ్లి అలాంటిదే ఇంకోటి కొని తెచ్చుకునేదాన్ని. ఆ తర్వాతే తవుడు బకెట్టు తెప్పించి, అందరికంటే ముందు నా గుప్పెట ముంచేదాన్ని.