ఎర్రచుక్కకి తోక

మా ఆవిడ నన్ను అనుమానప్పక్షి అంటుంది. పెళ్ళయిన వారంలోనే ఆ పేరు పెట్టింది, ఇప్పటికీ తీయలేదు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. బస్సు మీద బోర్డు చదివి కూడా కండక్టర్ని అడుగుతాను, ఆయన చెప్పాక పక్క సీటాయన్ని అడుగుతాను. కువైట్‌లో పదహారేళ్ళు నెట్టుకొచ్చానంటే ఈ గుణం వల్లే అని నా నమ్మకం. అదే గుణం నన్ను ఒకసారి ఎంత కిందికి దించిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండువేల పది దాటాక సంగతి ఇది. అల్ రాయ్‌లో ఒక వర్క్‌షాపులో మిల్లింగ్ మిషను మీద పని చేసేవాణ్ణి. ఇనప ముక్కని బిగించి, కావలసిన చోట కావలసినంత చెక్కేయడం నా పని. మా కఫీల్, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పెట్టుకున్న కువైటీ యజమాని, సైన్యంలో అధికారిగా చేసి దిగిపోయిన మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు. అందరం ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన ఇంటి డ్రైవరుది కడప వైపు. ముప్పై ఐదేళ్ళుంటాయి. అబ్బాసియాలో నేనూ అతనూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. నన్ను అన్నా అని పిలిచేవాడు. నేనూ తమ్ముడూ అనేవాణ్ణి గానీ, నా సబ్బు మాత్రం నా పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాణ్ణి.

ఒకరోజు బాబా నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి బల్ల మీద గుడ్డ విప్పాడు. పిస్తోలు పైభాగం. పేల్చినప్పుడు ముందుకీ వెనక్కీ జారే ఇనప తొడుగు, స్లైడ్ అంటారు. మిగతా పిస్తోలు ఇంట్లో బీరువాలో ఉందట. దీని మీద రెడ్ డాట్ బిగించాలి అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయుధం సంగతి తేడా వస్తే కువైటీకి ఏమవుతుందో నాకు తెలియదు గానీ, దాని మీద వేలిముద్ర ఉన్న మనవాడికి ఏమవుతుందో తెలుసు.

"లైసెన్సు చూపించండి బాబా" అన్నాను, నాకొచ్చిన అరబీ, హిందీ కలిపి.

 ఆయన నవ్వి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అరబీ అక్షరాలు నాకు రావు. ఫొటో ఆయనదే, ముద్ర ఉంది. అయినా మనసు ఒప్పక, ఈ పని నేనే చెప్పి చేయిస్తున్నాను అని ఒక చీటీ రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. ఆ చీటీలో నిజంగా ఏం రాశాడో నాకు ఈనాటికీ తెలియదు.

మామూలు పిస్తోలుకి వెనక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. ఆ రెండూ, కొట్టవలసిన గురీ ఒకే వరసలోకి వచ్చేట్టు చూసుకోవాలి. రెడ్ డాట్ అయితే ఆ తంటా లేదు. వెనక చిన్న అద్దం నిలబెట్టి ఉంటుంది, దాంట్లో ఎర్రచుక్క వెలుగుతుంది, చుక్క ఎక్కడ కూర్చుంటే గుండు అక్కడికి పోతుంది. షూటింగ్ క్లబ్బులో అందరూ పెట్టించుకుంటున్నారు, అందుకని అన్నాడు బాబా. ఒక్క అందుకే కాదేమో అని నాకు అప్పుడే అనిపించింది.

ఫోనులో మూడు బొమ్మలు చూపించాడు. ఆయన మనసు పెద్ద అద్దం ఉన్నదాని మీద ఉంది. వెర్నియర్ కొలబద్ద పెట్టి స్లైడ్ వెడల్పు కొలిచి చూపించాను. చిన్న రకం పిస్తోలు అది, ఆ పెద్దది పెడితే రెండు వైపులా బయటికి పొడుచుకొస్తుంది, బట్టకి తగులుకుంటుంది. రెండోదానికి బ్యాటరీ అడుగున ఉంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా స్క్రూలు విప్పాలి, విప్పినప్పుడల్లా గురి మళ్ళీ సరిచూసుకోవాలి. మూడోది సన్నగా ఉంది, బ్యాటరీ పక్కనుంచి పోతుంది. ఇది తీసుకోండి అన్నాను. ముఖం చిట్లించి సరే అన్నాడు. చుక్క మాత్రం దొరికే వాటిలో అన్నిటికంటే పెద్దది కావాలన్నాడు.

క్లబ్బు దగ్గర కొట్టు నుంచి తెప్పించాడు. గురువారం సాయంత్రం డ్రైవరు తెచ్చాడు. శుక్రవారం వర్క్‌షాపు సెలవు, శనివారం పొద్దున నా చేతికిచ్చాడు. డబ్బా తిప్పి చూశాను. టేపు మీద ఇంకో టేపు వేసి ఉంది.

"ఈ రెండో టేపు ఎక్కడిది తమ్ముడూ?"

"నాకేం తెల్సన్నా. కొట్టోళ్ళు ఇట్లనే ఇచ్చినారు. బాబా కారులోనే పెట్టమన్న్యాడు, పెట్టినా."

సరేలే అన్నాను గానీ, రెండో టేపు సంగతి మనసులో రాసి పెట్టుకున్నాను.

పని బాగా కుదిరింది. స్లైడ్‌ని వైస్‌లో రాగిరేకుల మధ్య బిగించి, ముందు వంకరని ముల్లుతో చూపించే డయల్ గేజ్‌తో మట్టం చూసుకుని, వెనక భాగంలో కొంచెం కొంచెంగా పల్లం తీశాను. రెడ్ డాట్ అందులో బిగువుగా కూర్చుంది. రెండు స్క్రూలకి ఊడకుండా నీలం గమ్ము రాసి బిగించాను. చివర్న తెల్ల పెయింటుతో స్క్రూ తల మీదా పక్క ఇనుము మీదా కలిసేట్టు ఒక గీత గీశాను. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత తెగిపోతుంది. అలా గీయమని ఎవరూ చెప్పలేదు. రేపు నువ్వు మార్చావు అని ఎవరైనా అంటే చూపించడానికి, అంతే. వెలిగించి చూశాను. ఎర్రచుక్క కుంకుమబొట్టులా గుండ్రంగా ఉంది.

నాలుగు రోజుల తర్వాత బాబా కబురుపెట్టాడు. డ్రైవరే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. మగవాళ్ళు కూర్చునే హాల్లో బాబా ఒక్కడే ఉన్నాడు, స్లైడ్ ముందు పెట్టుకుని. డ్రైవరు గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ఇది నకిలీ. చుక్కకి తోక ఉంది" అన్నాడు బాబా. నకిలీ వాటికే అలా ఉంటుందని క్లబ్బులో ఎవరో చెప్పారట. తనది ఎవరికీ చూపించలేదు, అడిగాడంతే. "నేను అసలుది తెప్పించాను. ఎవరు మార్చారు? నువ్వా, వాడా?"

తీసి చూశాను. గుండ్రంగానే ఉంది. "నాకు తోకేం కనబడటం లేదు బాబా" అన్నాను.

"అయితే నేను అబద్ధం చెబుతున్నానా?"

  నా ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఈయన చేతిలో ఉంది. ఒకవేళ నా కంటికి తేడా తెలియడం లేదేమో, లేదా ఈయన ఎవరినో ఒకరిని పంపేయడానికి సాకు వెతుకుతున్నాడేమో. ఏదైనా సరే, ఆ ఒక్కడు నేను కాకూడదు. తెల్లగీత చూపించాను. స్క్రూ కదల్లేదు బాబా, నేను బిగించాక ఎవరూ విప్పలేదు, మార్చి ఉంటే నా చేతికి రాకముందే మార్చి ఉండాలి అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. డబ్బా అతని దగ్గర రెండు రాత్రులు ఉంది, దాని మీద రెండో టేపు కూడా ఉంది అన్నాను. ఎవరూ అడక్కుండానే అన్నాను.

"ఖలాస్" అన్నాడు బాబా. డ్రైవరు ఇఖామా రద్దు, వచ్చే గురువారం విమానం. నేను రెడ్ డాట్ ఊడదీసి స్లైడ్ వెనక్కి ఇవ్వాలి.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో డ్రైవరు అడిగాడు. "ఏమన్న్యాడన్నా బాబా?"

"ఏదో పని సంగతి" అన్నాను.

మర్నాడు అతనికి చెప్పారు. మధ్యాహ్నం గదికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఉద్యోగం పోయినందుకు కాదు అతని ఏడుపు. ఎండలో గొడ్డులా పని చేసేవాడికి ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది.

"దొంగతనం మీద పంపిచ్చినారని ఊర్లో తెల్చాదన్నా. నా బిడ్డ ఇస్కూలుకు పోతాంది. దొంగోని కూతురంటారు" అన్నాడు. నావైపు చూశాడు. "నువ్వు చెప్పన్నా. నేను తీసుంటానా?"

"ఎవరికి తెలుసు తమ్ముడూ" అన్నాను.

ఆ మాట అన్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలి. అంతటితో అయిందా? అతను స్నానానికి వెళ్ళగానే అతని సంచిలో చెయ్యి పెట్టి వెతికాను. నాలుగు జతల బట్టలు, కూతురి కోసం కొన్న గౌను, తలనొప్పి మందు. దొరికి ఉంటే నా మనసు ఎంత హాయిగా ఉండేదో! ఏమీ దొరకలేదు. అప్పుడు అనుమానం వెనక్కి తిరిగింది. అసలుది కొట్టేసి నకిలీది పెట్టాలంటే, అచ్చం అలాంటి నకిలీ ముందే సంపాదించి ఉండాలి. పిస్తోలు ముఖమే చూడని ఈ మనిషి దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? తెచ్చినా, అసలుదాన్ని అబ్బాసియాలో ఎవడు కొంటాడు, పచ్చళ్ళ కొట్టువాడా?

మంగళవారం వర్క్‌షాపులో ఒక షాఫ్టు బిగించి డయల్ పెడితే ముల్లు ఊగింది. అలాంటప్పుడు మేం చేసే పని ఒకటుంది. వంకర ముక్కలో ఉందా మిషనులో ఉందా తెలియాలంటే, ముక్కని వదులుచేసి అరచుట్టు తిప్పి మళ్ళీ బిగిస్తాం. వంకర ముక్కతోపాటు తిరిగితే తప్పు ముక్కది. ఉన్నచోటే ఉంటే తప్పు మిషనుది. చెయ్యి దాని మానాన అది తిప్పేసింది. తిప్పాక అలా నిలబడిపోయాను. బాబాకి కనబడే తోకని ఎవరూ తిప్పి చూడలేదు.

బుధవారం బాబా స్లైడ్ కోసం వర్క్‌షాపుకి వచ్చాడు. నేను ఊడదీయలేదు. ఆయన కోపంగా నోరు తెరిచేలోపే, ఒక్కసారి చూడండి బాబా, తర్వాత నన్ను కూడా పంపేయండి అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. చుక్క వెలిగించి ఆయన కంటి ముందు పట్టుకున్నాను.

"తోక ఎటుంది?"

"కింద, ఎడమకి."

స్లైడ్‌ని పక్కకి పడుకోబెట్టి పట్టుకున్నాను. అద్దం, చుక్క అన్నీ దానితోపాటు పక్కకి తిరిగాయి. "ఇప్పుడు?"

ముఖం ఇంకా దగ్గరికి పెట్టాడు. "కింద. ఎడమకి."

తలకిందులుగా తిప్పాను. తోక అద్దంతోపాటు తిరగడం లేదు. సైన్యంలో ఏళ్ళ తరబడి గురి చూసిన మనిషికి విడమరిచి చెప్పాలా? తనే కుడికన్ను మూసి, ఎడమ కంటితో చూశాడు. ఎడమది మూసి కుడితో చూశాడు. మళ్ళీ మళ్ళీ అలా చేశాడు. తర్వాత కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే కుర్చీ అందలేదు, నేనే జరిపాను.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"ఎవరితోనూ అనకు" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు.

ఆ సాయంత్రమే విమానం టికెట్ రద్దయింది. క్షమించమని డ్రైవరుతో ఆయన అనలేదు. ఏదో పొరపాటు, యల్లా, పద, కారు తియ్యి అన్నాడట. కొన్ని నెలలకి కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు, దానికీ డ్రైవరే తీసుకెళ్ళాడు. నేను బాబాతో ఏదో మాట్లాడి తన టికెట్ ఆపించానని మాత్రం డ్రైవరుకి తెలిసింది. ఇక చూడాలి. అబ్బాసియాలో ఎవరు కలిసినా అన్న లేకుంటే నా బతుకు ఏమయ్యేదో అనేవాడు. శుక్రవారం మాంసం వండితే మంచి ముక్కలన్నీ నా కంచంలో వేసేవాడు. నాకు ముద్ద దిగేది కాదు. ఇతనికి తెలుసా, తెలిసే నన్ను పొడుస్తున్నాడా అని ముఖంలోకి దొంగచూపులు చూసేవాణ్ణి. ఏమీ కనబడేది కాదు. చెప్పేద్దామని రంజాన్‌కి అనుకున్నాను, ఉగాదికి అనుకున్నాను, అతను సెలవుకి వెళ్ళొచ్చాక అనుకున్నాను. నాలుగేళ్ళు అనుకుంటూనే గడిపాను.

తర్వాత అతను పూర్తిగా ఇంటికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నాడు. తనంతట తనే, తలెత్తుకుని. వెళ్ళే రోజు పొద్దున గదిలో ఇద్దరం కూర్చుని అట్టపెట్టెకి తాడు చుడుతున్నాం. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు.

"తమ్ముడూ, ఆ రోజు బాబాతో నీ పేరు చెప్పింది నేనే" అన్నాను.

అతను తాడు లాగడం ఆపలేదు. "తెల్సన్నా" అన్నాడు. "తలుపు కాడనే ఉంటి గదా. టేపు సంగతి కూడా ఇనబడె."

 కారులో ఏదో పని సంగతి అన్నప్పుడు తెలుసు. నువ్వు చెప్పన్నా అని నా ముఖంలోకి చూసి అడిగినప్పుడూ తెలుసు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావులే అనుకుంటి" అన్నాడు. "దినామూ అనుకుంటాంటి."

తాడు రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, ముడి జారకుండా వేలు పెట్టన్నా అన్నాడు. పెట్టాను.