తినేసిన భోజనాల లెక్క

పోయినవి ఆరు వందల పద్నాలుగు. పెళ్లిళ్లు రెండు వందల ఎనభై ఏడు, గృహప్రవేశాలు నూట పద్దెనిమిది, ఓణీలూ పంచెలూ కలిపి డెబ్బై నాలుగు, పెద్దకర్మ భోజనాలు తొంభై ఆరు, గుళ్లలో అన్నసమారాధనలు ముప్ఫై తొమ్మిది. ఒక్కో భోజనానికి ఒక్కో ఎక్సెల్ షీటు. పందొమ్మిదేళ్ల పని. అంతా కలిపి కంప్యూటర్లో ఆక్రమించిన చోటు ముప్ఫై ఏడు ఎంబీ. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా తోడల్లుడు వాటిని చెరిపేసింది చోటు కోసం. ఆయన తీసే పెళ్లి వీడియోల్లో పెళ్లికూతురు మెట్లు దిగి మండపం దాకా నడిచే ముక్క ఒక్కటే అంతకు ఇరవై రెట్లు ఉంటుంది.

నేను వంటవాణ్ని కాదు. తణుకులో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్లో గుమాస్తాని. పెళ్లివారికి సామాన్లు కట్టించీ కట్టించీ, ఎంత తీసుకెళ్లారో, ఎంత తిరిగి తెచ్చారో చూసీ చూసీ, ఎంతమందికి ఎంత వండాలన్న లెక్క నాకు నేనే పట్టుకున్నాను. కొట్లో కంప్యూటర్ మీద ఎక్సెల్ కూడా అలాగే వచ్చింది. కొన్నాళ్లకి వంటమేస్త్రీలే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు. పిలిచింది ఎందరిని, వచ్చింది ఎందరు, ఎన్ని బంతులు కూర్చుని లేచాయి, ఏది మిగిలింది, ఏది చాలలేదు, ప్రతిసారీ రాసుకునేవాణ్ని. ఏడొందల మందికి బియ్యం ఎంతంటే ఎవరైనా చెబుతారు. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ వారంనాడు అని అడిగితే చెప్పడానికి పాత షీట్లు కావాలి. పెనుగొండలో శనివారం పెట్టిన భోజనానికి సరిపోయిన లెక్క ఉప్పాడలో ఆదివారం పెట్టిన భోజనానికి సరిపోదు. ఉప్పాడలో నేను వేసింది ఒక్క పెళ్లే. ఆ ఒక్కటీ పోయింది.

మా మామగారు పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పోయేముందు ఇల్లు ఇద్దరు కూతుళ్లకీ రాశారు. కింది వాటా మాది, పై వాటా మా మరదలిది. ఆమె భర్తే నా తోడల్లుడు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఆయన వీడియోలకి చోటు చాలడం లేదనీ, నా షీట్లు ఏదో ఒకరోజు పాత లాప్‌టాప్‌తో పాటే పోతాయనీ, ఇద్దరం చెరిసగం వేసుకుని పెద్ద డిస్కు కొన్నాం. కొట్లో మూలపడేసిన కంప్యూటర్‌ని అడిగి తెచ్చి, దానికి డిస్కు బిగించి, లైనక్స్ ఎక్కించి, మెట్ల కింద వాననీళ్లు తగలకుండా పలక మీద పెట్టాను. పై వాటాలోని వైఫై డబ్బా నుంచి దానికి వైరు దించాను. ఆయనది మాక్, నాది విండోస్, పెట్టెది లైనక్స్. మూడూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. మాక్‌కి కనబడిన పెట్టె లాప్‌టాప్‌కి కనబడేది కాదు. లాప్‌టాప్‌కి దారి చూపిస్తే మాక్ మళ్లీ పాస్‌వర్డ్ అడిగేది. చివరికి మూడింటికీ అర్థమయ్యే పద్ధతి ఒకటి కుదిరిన రోజు, మా మరదలు పైనుంచి బూరెలు పంపింది. ఇంట్లో అందరూ దాన్ని మెట్ల కింద పెట్టె అనేవారు.

షీట్లు పెట్టెలోకి చేరగానే లాప్‌టాప్‌లోవి తీసేశాను. రెండు చోట్ల ఉంటే ఒకచోట దిద్దుతాం, రెండోచోట మరిచిపోతాం, మర్నాడు ఏది నిజమో తెలియదు. లాప్‌టాప్‌లో జెడ్ అనే డ్రైవ్ కింద అవి కనబడుతూనే ఉండేవి. కనబడడమే, ఉన్నది మాత్రం మెట్ల కింద. అలా ఒకేచోట ఉంచడం నా తప్పని మా తోడల్లుడు తర్వాత నలుగురి ముందు అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఒక ఉదయం పెనుగొండ నుంచి వంటమేస్త్రి ఫోన్ చేశాడు. నాలుగొందల మందికి గృహప్రవేశం, లెక్క కావాలన్నాడు. జెడ్ తెరిచాను. ఖాళీ. వైరు ఊడిందేమోనని మెట్ల కిందికి వెళ్లి చూశాను. వైరు బాగానే ఉంది. పైకి వెళ్లాను. ఆయన మాక్ ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"మీ ఫోల్డరా అన్నయ్యగారూ? నేనే తీసేశానండి. డబుల్ ఉంది."

"డబుల్ ఏంటండి?"

"మీ లాప్‌టాప్‌లో చూశాను కదండీ మొన్న. అవే ఆరొందల చిల్లర ఫైళ్లు. మళ్లీ అవే పెట్టెలోనూ ఉన్నాయి. ఒకటి చాలదేంటండి?"

మా పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది. మా వంటింటి కిటికీలోంచీ కనబడుతుంది, వాళ్ల పడకగది కిటికీలోంచీ కనబడుతుంది. రెండు చెట్లున్నాయని ఎవరూ అనుకోరు. అదే ఆయనకి చెప్పాను. కప్పు కింద పెట్టాడు. కాసేపు ముఖం పాలిపోయింది, అది నేను చూశాను. ఆ ముఖంతో ఒక్క మాట అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ వెంటనే నవ్వేశాడు.

"పోనీండి అన్నయ్యగారూ. తినేసిన భోజనాలకి ఇంకా లెక్కేంటండి?"

తర్వాత తెలిసింది, చెరిపేటప్పుడు మాక్ ఆయన్ని అడిగిందట. ఇవి చెత్తబుట్టలోకి వెళ్లవు, ఇక్కడికిక్కడే పోతాయి, సరేనా అని. సరే అని నొక్కాడట. మాక్ ఆయన్ని అడిగింది, ఆయన నన్ను అడగలేదు.

అప్పటికే ఆయన ఆ డిస్కు మీద మూడు పెళ్లిళ్ల వీడియోలు పోశాడు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు నెట్‌లో దొరికినవన్నీ ప్రయత్నించాను. కొన్నిటికి పేర్లు వచ్చాయి. తెరిస్తే లోపల అంకెలు లేవు, పిచ్చి గీతలున్నాయి. ఫలానా పెళ్లి అని పేరు, లోపల ఒక్క గింజ లేదు. ఎప్పుడో ఫోన్లో వంటమేస్త్రీలకి పంపినవి వెతికితే యాభై ఎనిమిది దొరికాయి. అంటే బాకీ ఐదు వందల యాభై ఆరు. ఆ అంకెని కొత్త షీటులో మొదటి గడిలో ఎర్రగా రాసుకున్నాను. అది తీరేదాకా ఆయన్ని వదలకూడదని అప్పుడే అనుకున్నాను.

మొదటి దెబ్బ పెట్టెతోనే కొట్టాను. ఎవరికి ఎంత చోటు అన్నది నా చేతిలోనే ఉంది. ఆయన పేరు మీద ముప్ఫై ఏడు ఎంబీ అని పెట్టాను. మర్నాడు దిగివచ్చాడు.

"పెట్టె నిండిపోయిందంటోందండి."

"నిండలేదండి. మీరు ఖాళీ చేసుకున్న చోటు ఎంతో అంతా మీకే ఇచ్చాను."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ కాస్త సమయం నాకు చాలా బాగుంది. కానీ వారం తిరక్కుండా కొత్త డిస్కు కొనుక్కుని మాక్ పక్కన పెట్టుకున్నాడు. నేను పైకి వెళ్లినప్పుడల్లా అది నా వైపు చూసి నీలంగా మిణుకుమనేది. పైగా మా ఆవిడతో, "అన్నయ్యగారి పెట్టె కంటే ఇదే స్పీడండి వదినా" అన్నాడట. ఆ దెబ్బ ఆయనకి తగల్లేదు.

మాఘమాసంలో ఆయన కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ దగ్గరి కల్యాణమండపం, ఏడొందల మంది. ముందు మరదలు మా ఆవిడ చేత అడిగించింది. తర్వాత ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లెక్క మీరే వెయ్యాలండి. ఇంట్లో మిమ్మల్ని పెట్టుకుని బయటివాళ్లని అడిగితే బాగుండదు."

"వేస్తానండి. వెనకటేళ్లలో ఆ మండపంలోనే, ఇదే మాఘంలో నాలుగు ఫంక్షన్లకి లెక్కవేశాను. ఆ నాలుగు షీట్లూ చూస్తే చాలు. మీరు తీసింది ఒక కాపీయే కదా, రెండోది పట్రండి."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి లేచాడు.

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారేంటండి? మేస్త్రీకి తెలీదా ఏంటి, ఆయనే వేస్తాడు."

మేస్త్రి ఏడొందలకి ఏడొందల లెక్కే వేశాడు. అది తప్పని నాకు తెలుసు. చెరకు ఆడే రోజుల్లో ఆ మండపంలో మధ్యాహ్నం రెండు దాటాక ఏమవుతుందో తెలుసు. షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్లూ బళ్లూ బయట పెట్టి నేరుగా భోజనానికే వస్తారు, పిలిచినవాడు తన పక్క సీటువాణ్ని కూడా తీసుకొస్తాడు, ఎనిమిది గంటలు నిలబడ్డ ఆకలి వాళ్లది. మామగారి ఇంటి ఫంక్షనంటే ఫ్యాక్టరీలో రానివాడు ఉండడు. ఎంత ఎక్కువ పడుతుందన్నది షీట్లలో ఉంది, అవి లేవు. ఎక్కువ పడుతుందన్నది మాత్రం నా తలలోనే ఉంది. దాన్ని ఎవరూ చెరపలేదు. నేను చెప్పలేదు.

ఫంక్షన్ రోజు నేను మొదటి బంతిలోనే భోంచేశాను. పనసపొట్టు కూర బాగా కుదిరింది. రెండు బంతులు నిండుగా లేచాయి. మూడో బంతిలో వడ్డించేవాళ్లు అన్నం హస్తం నింపకుండా సగానికే ముంచడం మొదలుపెట్టారు. అది చూడగానే నేను గోడవారగా కుర్చీ వేసుకున్నాను. రెండూ పది అయింది. ఫ్యాక్టరీవాళ్లు వచ్చి నాలుగో బంతికి కూర్చున్నారు. విస్తళ్లు వేశారు, నీళ్లు చల్లుకున్నారు, ఉప్పూ ఆవకాయా పడ్డాయి, ఒక్కో బూరె పడింది. అన్నం రాలేదు. లోపల గుండిగని గీకుతున్న చప్పుడు హాల్లోకి వినబడుతోంది.

"ఏమండోయ్, పెద్దాయన బతికుంటే ఇలా జరిగేదాండి?" అన్నాడొక ముసలాయన, మామగారితో పనిచేసినవాడు. పక్కాయన, "ఆయ్, ఓణీల భోజనం కదండీ, ఓణీలాగే వడ్డిస్తున్నారు, పల్చగా" అన్నాడు. బంతంతా నవ్వింది.

తన ఫంక్షన్‌కి తాను వీడియో తీసుకోలేక మా తోడల్లుడు ఇంకొకర్ని పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు ఖాళీ విస్తళ్ల మీదుగా కెమెరా మెల్లగా తిప్పుతున్నాడు. "ఆపవయ్యా, అది ఆపు" అంటూ మా తోడల్లుడు చెయ్యి అడ్డంపెట్టి పరిగెత్తాడు. పట్టుపంచె కాళ్లకి అడ్డం పడుతోంది. హోటల్ నుంచి అన్నం వచ్చేసరికి సగంమంది చేతులు కడుక్కుని లేచిపోయారు. ఆ బంతిలో అన్నం పడని విస్తళ్లు ఎనభై మూడు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

ఆటోలో వస్తుంటే మా ఆవిడ అంది, "మా చెల్లి మొహం చూశారా?"

"చూశాను."

"ముందే ఒక్క మాట చెబితే మీకు పోయేదేముందండి?"

"నాకు పోవాల్సినవన్నీ ముందే పోయాయి."

ఆ వారమంతా ఆవిడ నాకు అన్నం వడ్డించేటప్పుడు గిన్నె నా ముందు పెట్టేసి వెళ్లిపోయేది. అది నేను లెక్కలోకి తీసుకోను.

మర్నాడు పొద్దున్నే ఆయన దిగివచ్చాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీకు తెలిసే ఊరుకున్నారు కదండీ?"

"తెలిసేనండి."

"మనిషేనా మీరు? మీ మరదలు రాత్రంతా ఏడుస్తూనే ఉంది."

"తినేసిన భోజనాలకి లెక్కేంటన్నారు. తినని వాటికి ఉంటుందండి. ఎనభై మూడు."

కుర్చీ కోసం చూడకుండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. పక్కనే మెట్ల కింద పెట్టె ఫ్యాను తిరుగుతోంది. "ఏం చేస్తే తీరుతుందండి మీకు?" అన్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నాను. జవాబు ఏనాడో తయారుచేసి పెట్టుకున్నాను.

ఆయన దగ్గర నేను లెక్కవేసిన పాత పెళ్లిళ్ల వీడియోలు కొన్ని ఉన్నాయి, కోసి అతికించకముందువి. పెళ్లివారికి ఇచ్చేదాంట్లో భోజనాల ముక్కలు తీసేస్తాడు, ఎవరు చూస్తారని. కొయ్యనివాటిలో బంతులన్నీ ఉంటాయి. ప్రతి ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుని, తాను తీసిన వీడియో తానే ఆపుకుంటూ, బంతిబంతికీ విస్తళ్లు లెక్కపెట్టాలి, ఎంగిలి విస్తళ్లలో ఏది వదిలేశారో చూడాలి. ఎంత వండారో, ఎంత మిగిలిందో ఆ ఇంటివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవాలి. షీటు రాసి పెట్టెలో వెయ్యాలి. ఒప్పుకున్నాడు. ఆ రోజే పెట్టెలో నా ఫోల్డర్‌కి ఆయన పేరు మీద కొత్త హక్కు ఇచ్చాను. కొత్తవి చేర్చవచ్చు. ఉన్నవి చెరపడానికి వీల్లేదు.

మొదటి ఆదివారం ఫోన్ స్పీకర్‌లో పెట్టించాను. "మీ పెళ్లిలో అన్నం ఎంత మిగిలిందండి?" అని అడిగాడు ఈయన. అవతల పెళ్లికూతురి తండ్రి, "ఎందుకండీ? మీ ఇంట్లో తక్కువైందటగా, మావి అడిగి సర్దుతారేంటి?" అన్నాడు. మా తోడల్లుడు చెవులు ఎర్రబడి కూర్చున్నాడు. నేను కాఫీ తెప్పించాను.

ఇప్పుడు విస్తళ్లు బాగానే లెక్కపెడతాడు. ఒకసారి రెండో బంతిలో నూట పన్నెండు రాశాడు. నేను చూస్తే స్తంభం వెనక ఇంకో మూడున్నాయి. మళ్లీ మొదట్నుంచి పెట్టించాను. కిందటి నెల అడిగాడు, "ఇంక చాలు కదండీ అన్నయ్యగారూ?" అని. నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఎర్రగడి చూపించాను. ఆయన వీడియో తీసిన పెళ్లిళ్లన్నీ లెక్కవేసినా నూట ఇరవైకి మించవు. మిగతా భోజనాలకి కెమెరా పోలేదు, వండినవాళ్లలో కొందరు లేరు, తిన్నవాళ్లకి గుర్తులేదు. ఈ బాకీ ఆయన తీర్చలేడని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆదివారం తొమ్మిదింటికి మాక్ చంకన పెట్టుకుని దిగివస్తాడు. నేను బల్ల తుడిచి ఉంచుతాను.

ఇప్పటికి నలభై మూడు షీట్లు వెనక్కి వచ్చాయి. బాకీ ఐదు వందల పదమూడు.